పేజీ అడుగున పేరు

భాసికానికి దారం ముడి వేస్తూ, ఫోను రిసీవరును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కోమలి అడిగింది. "మీలో జీలకర్ర బెల్లం పెడతారామ్మా, పెట్టరా?"

అవతల రైలు చప్పుడు. "పెట్టమమ్మా. మాది వేలూరు పక్క. రేణిగుంటలో దిగతా ఉండాము. ఎల్లుండి పెళ్ళి. ఏమేం కావాలో మా అత్తకి తెలుసు, ఆమె రాలా. నాకేమో కాళ్ళు చేతులు ఆడడంలా."

"ఏం కంగారు పడొద్దు. కాశీయాత్ర ఉంటాది కదా? గొడుగు, చేతికర్ర, చెప్పులు నేను పెడతాను. తాళి ఒకటేనా, రెండా? ఒకటే. సరే. నలుగుపిండి పెట్టమంటారా?"

పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఫోను వంటింటి గోడకే ఉంది. ముందు గదిలో అంగడి, వెనక ఇల్లు. అంగడిలో ఉండాల్సిన ఫోనుకు వంటింట్లోకి ఇంకో తీగ లాగించింది మామ గోవిందయ్యే, ఆరేళ్ళ కిందట. కోడలి మీద ప్రేమతో కాదు. ఫోను చేసినవాళ్ళు అడిగేవాటికి జవాబులు అంగట్లో కూర్చున్న మగవాళ్ళ దగ్గర లేవు. ప్రతిసారీ "ఒక్క నిమిషం ఉండండి" అని కొడుకు వంటింటి గుమ్మం దాకా రావడం ఆయనకు నచ్చలేదు.

తిరుపతిలో పెళ్ళి చేస్తామని మొక్కుకున్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పిల్లను, పిల్లవాడిని, తాళిబొట్టును మర్చిపోకుండా తెస్తారు. మిగతావన్నీ ఇక్కడే దొరుకుతాయిలే అనుకుంటారు. గోవిందరాజుల గుడి వెనక సందులో 'గోవిందయ్య అండ్ సన్, వివాహ సామగ్రి' అనే బోర్డు కింద ఆ మిగతావన్నీ దొరుకుతాయి. కానీ మిగతావంటే ఏవి? అది ఒక్కొక్కరికి ఒక్కో రకం. ఒకరు మధుపర్కాలు లేనిదే పీట మీద కూర్చోరు. ఒకరికి కర్పూర దండలు. ఒకరికి పందిట్లో పేర్చే ఐరేని కుండలు రాకుండా సన్నాయి మోగదు. కోమలి కాపురానికి వచ్చిన కొత్తలో ఇవేవీ తెలియవు. కార్వేటినగరం దగ్గర పల్లెలో, వాళ్ళ నాయన మునిరామయ్య ఒకరి చేను పంటలో వాటాకి, కోరుకు చేస్తూ బి.కాం. దాకా చదివించిన పిల్ల. ఆ వంశంలో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి. చదువుకునీ ఇవి తెలియవే అన్న బెరుకుతోనే ఆమె తెలియనివి అడగడం నేర్చుకుంది. ఫోను చేసిన ప్రతి ముసలమ్మనూ "మీలో ఎట్లా చేస్తారు అవ్వా" అని అడిగింది. విన్నది విన్నట్టు నోటుబుక్కులో రాసుకుంది. కులం పేర్లు, ఊరి పేర్లు రాసుకోలేదు. చెప్పినవాళ్ళ గుర్తు రాసుకుంది. 'దగ్గే అవ్వ', 'నెల్లూరు పిన్నమ్మ', 'నవ్వితే ఫోను పగిలిపోయే ఆమె.' వాటి కింద రెండు మూడు మాటలు. మిగిలింది తలలో. ఆరేళ్ళలో నాలుగు నోటుబుక్కులయ్యాయి.

"కోమలీ, మనిషొచ్చినాడు. కాఫీ!" అని అంగట్లో నుంచి మొగుడు అమర్‌నాథ్ కేక వేశాడు.

అది రెండు వేల తొమ్మిదో సంవత్సరం. వీధిలో మూడు అంగళ్ళకు అప్పటికే వెబ్‌సైట్లు వచ్చాయి. నాలుగోది తమది కాకపోతే పరువు పోతుందని అమర్‌నాథ్‌కు దిగులు పట్టుకుంది. సునీల్‌కుమార్ అనే కుర్రవాడిని పిలిపించాడు. రేణిగుంట రోడ్డులో ఒక గదిలో నలుగురు స్నేహితులు కలిసి పెట్టుకున్న కంపెనీ తరఫున వచ్చాడతను. ఒళ్ళో ల్యాప్‌టాప్.

కోమలి కాఫీ గ్లాసులతో వచ్చేసరికి తెర మీద దీపాలు వెలుగుతున్నాయి. నిజంగా రెపరెపలాడుతున్నాయి. నాదస్వరం వినిపిస్తోంది. రెండు తలుపులు తెరుచుకుని లోపల నుంచి వెంకటేశ్వరస్వామి కనపడ్డాడు. గోవిందయ్య కుర్చీలోంచి లేచి చెంపలు వేసుకున్నాడు.

"ఇది పెద్ద సైటు సార్. ఇంకోటి ఉండాది, చిన్నది. ఫోన్లో చూసుకునేది," అంటూ సునీల్‌కుమార్ జేబులో నుంచి మామూలు ఫోను తీసి చూపించాడు. తెల్లని తెర మీద నల్లటి అక్షరాలు. అంతే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. "తెలుగు అక్షరాలు పెడితే చానా ఫోన్లలో డబ్బాలు డబ్బాలుగా కనపడతాయి సార్. అందుకని ఇట్లా."

"ఇదేందప్పా, రేషన్ అంగట్లో పట్టీ మాదిరి ఉండాది!" అని అమర్‌నాథ్ నవ్వాడు.

"సామి బొమ్మ కూడా లేదు," అన్నాడు గోవిందయ్య.

కోమలి వెళ్ళిపోకుండా గుమ్మంలో నిలబడింది. అడగాలా వద్దా అని ఒక్క క్షణం. "ఆ పెద్దది ఫోన్లో వస్తాదా అండీ?"

సునీల్‌కుమార్ అబద్ధం చెప్పే రకం కాదు. "రాదు మేడం. బొమ్మలు కదిలేటివి ఇట్లాంటి ఫోన్లలో తెరుచుకోవు. ఖాళీగా కనపడతాది."

"మనకి ఫోను చేసేవాళ్ళు ఎవురూ కంప్యూటర్ ముందర కూర్చోనుండరు కదా. రైల్లో ఉంటారు. క్యూలో ఉంటారు. సత్రంలో సామాన్లు దించుకుంటా ఉంటారు. చేతిలో ఉండేది ఫోనే."

సునీల్‌కుమార్ ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు. "కరెక్టు మేడం. ఎవురి పద్ధతికి ఏమేం కావాలో లిస్టులు పెట్టి, పేజీ అడుగున ఒక పేరు, ఒక నంబరు పెడితే చాలు. నంబరు నొక్కితే కాల్ పోతాది. పేరు మాత్రం ఎత్తి మాట్లాడేవాళ్ళదే ఉండాల. మీరేనా మాట్లాడేది?"

గదిలో గాలి మారిపోయింది. నాదస్వరం ఇంకా మోగుతూనే ఉంది.

"ఇంటి కోడలి పేరు, నంబరు లోకమంతా చూడాల్నా?" అన్నాడు గోవిందయ్య. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం ఆ ఇంట్లో ఆయనకు ఎప్పుడూ రాలేదు. "పనీపాటా లేని నాకొడుకులంతా ఫోన్లు చేస్తారు."

"నీకేం తెలుసు మే ఇంటర్నెట్టు గురించి?" అన్నాడు అమర్‌నాథ్. "పో, పప్పు మాడతా ఉండాది. సునీలూ, పెద్దదే చేసేయ్. పేరు నాది పెట్టు, నా సెల్ నంబరు పెట్టు."

ఆమె వెళ్ళింది. పప్పు మాడలేదు. గరిట తిప్పుతూ ఆమె లెక్క తేల్చుకోలేకపోయింది. లోకమంతా చూడకూడదట. మరి ఆరేళ్ళుగా లోకమంతటితో మాట్లాడుతున్నది ఎవరు? తెనాలి వాళ్ళతో, వేలూరు వాళ్ళతో, ఆదోని వాళ్ళతో, పిల్లకు పాలిస్తూ, జ్వరంతో దుప్పటి కప్పుకుని, అత్త దేవకమ్మ పథ్యానికి రాగిజావ కాస్తూ మాట్లాడింది ఎవరు? గొంతు లోకానికి పోవచ్చు, పేరు పోకూడదు. ఆమె గొంతు విన్నవాళ్ళు అంగట్లోకి వచ్చి "ఫోన్లో ఒకామె చెప్పింది" అంటారు. అమర్‌నాథ్ "ఆ, మా ఆడోళ్ళు" అంటాడు. కొందరు పెళ్ళయిపోయాక మిఠాయి డబ్బా పంపుతారు, 'గోవిందయ్య గారికి' అని రాసి. ఆయన మీద ఆమెకు కోపం లేదు. మంచి మనిషే. మనవరాలికి బడి ఫీజు కట్టే రోజు తప్పిపోనివ్వడు. ఆ మంచితనం వల్లే ఏదైనా అడగాలంటే ఆమె నోరు మూసుకుపోతుంది.

మర్నాడు అమర్‌నాథ్ చిత్తుకాగితం, పెన్ను తెచ్చి ఇచ్చాడు. "సైటులోకి ఒక లిస్టు కావాలంట. ఒకటే రాయి. పొడుగు వద్దు."

"ఒకటే ఎట్లా రాసేది? ఒక్కోళ్ళకి ఒక్కో రకం కదా?"

"పెళ్ళంటే పెళ్ళే. అందురికీ కలిపి రాయి."

ఆమె కలిపి రాసింది. ఎవరికీ తక్కువ కాకుండా, నలభై రెండు వస్తువులు. అమర్‌నాథ్ చదువుతూ పెన్నుతో కొట్టేస్తూ పోయాడు. ఒకచోట ఆగాడు. "బుట్ట, పెద్దది అని రాసినావు. ఎందుకు?"

ఆమె స్నానానికి ఏడుస్తున్న పిల్లను పట్టుకుని ఉంది. "అది కోస్తా పక్క వాళ్ళకి కావాల..." అంటూ ఉండగానే పిల్ల జారి పరుగెత్తింది. వెనకే ఆమె కూడా. తిరిగి వచ్చేసరికి అమర్‌నాథ్ లేడు, కాగితమూ లేదు.

పెద్ద సైటు వచ్చింది. వీధిలో అందరూ వచ్చి చూశారు. అమర్‌నాథ్ ఫొటో కింద అతని నంబరు. నెల గడిచింది. ఫోన్లు మాత్రం ఎప్పటిలా వంటింటి గోడ మీదే మోగాయి. నెల చివర్లో ఒక రోజు మాత్రం అమర్‌నాథ్ వంటింట్లోకి వచ్చి, ఆమె ఎదుట నిలబడి మరీ చెప్పాడు. "తెనాలి నుంచి పార్టీ. పిల్లోడు నెట్ సెంటర్లో మన సైటు చూసి ఫుల్ సెట్టు చెప్పినాడు. ఒక్క మాట అడగలా. చూసినావా? ఇదీ ఇంటర్నెట్టంటే."

"తెనాలి వాళ్ళా? ఒకసారి నన్ను మాట్లాడనీ."

"ఏమక్కర్లా. అంతా లిస్టులో ఉండాది."

ఆదివారం పొద్దున పదీ నలభైకి ముహూర్తం. తొమ్మిదింటికి అమర్‌నాథ్ సామగ్రితో సత్రానికి వెళ్ళాడు. తొమ్మిదిన్నరకు వంటింటి ఫోను మోగింది. అతని గొంతు తేడాగా ఉంది.

"కోమలీ, వీళ్ళేందో బుట్ట బుట్ట అంటా ఉండారు. పెళ్ళికూతుర్ని మేనమామ బుట్టలో కూర్చోబెట్టి ఎత్తుకొస్తాడంట. నువ్వు రాసిన బుట్ట ఇదేనా?"

"ఇదే. కొట్టేసినావా?"

"నేను సామాన్లు పెట్టేదానికి అనుకున్నాను. అట్టపెట్టె నీటుగా ఉంటాది కదా అని దాంట్లో కట్టించినాను."

వెనక నుంచి ఒక ముసలావిడ గొంతు ఖంగుమని వినిపించింది. "అయితే ఏంటంటావు బాబూ, పిల్లని అట్టపెట్టెలో పెట్టి మోసుకురావాలా?" ఎవరో నవ్వారు. ఎవరో "ముహూర్తం దాటిపోద్దిరా" అని అరిచారు.

తనవాళ్ళలో ఆ ఆచారం లేదు. కాబట్టి లోకంలో లేదు. అతనికి అంతే. కోమలికి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. దేవకమ్మకు పిల్లను అప్పగించి, చీర కొంగు దోపుకుని బయటికి పరుగెత్తింది. మేదరవాళ్ళ అంగట్లో ఉన్నవన్నీ చిన్నవి. పెద్ద మనిషి కూర్చునే బుట్ట అల్లాలంటే రెండు రోజులన్నారు. పూల మార్కెట్లో రాజారత్నం అనే బంతిపూల వ్యాపారి దగ్గర పూలు కుమ్మరించే పెద్ద గంప ఉంది. "ఒక్క గంట ఇయ్యన్నా, పెళ్ళి ఆగిపోతాది" అంటే అతను నిండా ఉన్న పూలను గోనెపట్టా మీద బోర్లించి ఇచ్చాడు. మార్కెట్ కుళాయి కింద కడిగింది. పసుపు కలిపి పూసింది. లేచిన పుల్లలను వేలితో తడిమి విరిచింది. అంచుకు మామిడాకులు కట్టి, రెండు కొత్త తువ్వాళ్ళు మడత పెట్టి అడుగున పరిచింది. ఆటోలో గంప లోపలికి పట్టలేదు. ఒక చెయ్యి బయటకు పెట్టి, దారి పొడుగునా దాన్ని ఆటో పక్కన పట్టుకునే కూర్చుంది. చెయ్యి లాగేసింది. పదీ పదిహేను.

సత్రం మెట్లెక్కుతుంటే అమర్‌నాథ్ మాటలు వినిపించాయి. పంచె కట్టుకున్న పెద్దమనుషుల ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "మా ఆడోళ్ళు పెట్టడం మర్చిపోయినారండీ. చదువుకుందనే గానీ మతిమరుపు జాస్తి. ఏమనుకోవద్దు."

పసుపు చేతులతో, నడుం మీద గంపతో ఆమె ఆ మాట దగ్గర ఆగిపోయింది. అతను ఆమెను చూశాడు. చూసి, కళ్ళు తిప్పుకున్నాడు. అలా కళ్ళు తిప్పుకోవడమే లేకపోతే బహుశా ఆమె ఆ మాటను కూడా మిగతా మాటలతో పాటు లోపలికి నెట్టేసుకునేది. నోరు జారిందిలే అనుకునేది. కానీ అతనికి తెలుసు. తెలిసే అన్నాడు. తప్పు వచ్చినప్పుడు మాత్రం ఈ వ్యాపారంలో ఆమె ఉంది. అప్పుడు ఆమెకు చదువు కూడా ఉంది.

ముసలావిడ వచ్చి గంపలోకి తొంగి చూసింది. తువ్వాళ్ళు తడిమింది. "అడుగున మెత్తగా వేసిందెవరు?"

"నేనే అవ్వా. పుల్లలు గుచ్చుకుంటాయని."

"మీలో కూడా బుట్ట ఉందా?"

"లేదు. మూడేళ్ళ కిందట ఒకామె ఫోన్లో చెప్పింది. మేనమామ ఎత్తేటప్పుడు పిల్ల ఏడ్చిందంట, పుల్ల గుచ్చుకుని."

ముసలావిడ ఆమెను ఎగాదిగా చూసి, అమర్‌నాథ్ వైపు ఒకసారి చూసింది. "రా, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి" అని లోపలికి తీసుకుపోయింది. మేనమామ సన్నగా ఉన్నాడు, పిల్ల బొద్దుగా ఉంది. ముగ్గురు చెయ్యి వేస్తే గంప లేచింది. తెర అవతల జీలకర్ర బెల్లం పెట్టే వేళకు కోమలి ఒక్కతే మెట్లు దిగి, నడిచి ఇంటికి వచ్చింది.

మంగళవారం సునీల్‌కుమార్ వచ్చాడు. సైటును నెల రోజుల్లో ఎంతమంది తెరిచారో రాసి తెచ్చాడు. తెరిచినవాళ్ళలో చాలామంది ఫోనులో తెరిచి, ఖాళీ తెర చూసి వెళ్ళిపోయారు. గోవిందయ్య ఆ కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"సరేప్పా. ఆ చిన్నది కూడా చేసేయ్," అన్నాడు అమర్‌నాథ్. సత్రం సంగతి రెండు రోజులుగా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. "లిస్టులన్నీ మా ఆవిడ ఇస్తాది. పేరు, నంబరు నాదే ఉండనీ." లోపలికి తిరిగి, "కోమలీ, ఆ నోటుబుక్కులు పట్రా!"

ఆమె నాలుగింటినీ తెచ్చి బల్ల మీద పెట్టింది. అమర్‌నాథ్ ఒకటి తెరిచాడు. ఒక పేజీ, ఇంకో పేజీ. "నవ్వితే ఫోను పగిలిపోయే ఆమె. కుండలు ఐదు. పై దానికి సున్నం... ఇదేందిది?" ఇంకొకటి తెరిచాడు. "దగ్గే అవ్వ. తెర వద్దు, దుప్పటి. ఎవురు మే ఈ దగ్గే అవ్వ? ఎవురి లిస్టిది?"

"నాకు తెలుసు."

"అది చెప్పు. సునీలు రాసుకుంటాడు."

ఆరేళ్ళలో ఆ గదిలో ఆమె కూర్చోలేదు. కొనేవాళ్ళ కోసం వేసిన కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. దాన్ని బల్ల దగ్గరికి లాక్కుని కూర్చుంది. కుర్చీ కాలు నేల మీద గీసుకున్న చప్పుడుకు గోవిందయ్య తలెత్తాడు.

"మామా, అంగడి మీది. పైన బోర్డు మీది. పేజీకి పైన మీ పేరే ఉండనీండి," అంది. "అడుగున మాత్రం నా పేరు, నేనెత్తే వంటింటి ఫోను నంబరు. అట్లయితే ఒక్కోటీ విప్పి చెప్తాను. లేదంటే ఈ పుస్తకాలు మీరే పెట్టుకోండి. ఎవురు చదవగలిగితే వాళ్ళ పేరు రాసుకోండి."

"ఏందమ్మా, బెదిరిస్తా ఉండావా?"

"లేదు మామా. బుట్ట ఎందుకని అడిగి, జవాబు వినకుండా కొట్టేసినారు. పెళ్ళి ఆగబోయింది. అప్పుడు నలుగురిలో పేరు ఎత్తకుండానే తప్పు నామీద వేసినారు. తప్పుకి నేనుంటే, పేజీకి కూడా నేనే ఉంటాను."

"నాలుగు మాటలు నేర్చింది," అన్నాడు అమర్‌నాథ్. ఎవరితో అన్నాడో అతనికే తెలియదు. తండ్రి వైపు చూశాడు. గోవిందయ్య నోటుబుక్కు అందుకుని కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ఒక పేజీ మొత్తం పెదవులు కదుపుతూ చదివాడు. రెండో పేజీ సగంలో ఆపి, మూసి, కోడలి వైపు జరిపాడు. అవునన్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ కూర్చున్నాడు.

సునీల్‌కుమార్ ల్యాప్‌టాప్ మూత తెరవాలా వద్దా అని ఇద్దరు మగవాళ్ళ మొహాలూ చూశాడు. ఆపైన ఆమె మొహం చూశాడు. తెరిచాడు.

"పేరు మేడం?"

"కోమలి. నంబరు రాసుకోండి."

ఊరి కోడుతో కలిపి పది అంకెలూ చెప్పేదాకా ఎవరూ అడ్డం రాలేదు. అమర్‌నాథ్ లేచి వాకిట్లోకి పోయి, బండి స్టాండు వేసి ఉందో లేదో చూసినట్టు నిలబడ్డాడు. మళ్ళీ లోపలికి వస్తాడు. ఇంకా చాలా మాటలు అంటాడు. ఆమెకు తెలుసు. ఈ రాత్రికి కొన్ని, రేపటికి కొన్ని. ఆమె మొదటి నోటుబుక్కు తెరిచి, 'దగ్గే అవ్వ' అన్నచోట వేలు పెట్టింది.

లోపల నుంచి దేవకమ్మ కేక వినిపించింది. "కోమలీ! మజ్జిగపులుసు పొంగతా ఉండాది, యాడుండావు?"

లేవబోయిన కాళ్ళను ఆమె ఆపుకుంది.

"మీరు దించుకోండత్తా," అంది, గొంతు అంగడి దాటి వీధిలోకి వినపడేలా. "నేను పనిలో ఉండాను."